జలుబు బిళ్ళ ఒంటరిగా పనిచెయ్యదు

"మందు వేసుకుంటే వారంలో తగ్గుతుంది, వేసుకోకపోతే ఏడు రోజులు పడుతుంది" అని జలుబు గురించి మన ఇళ్ళల్లో ఒక వేళాకోళపు మాట ఉంది. వైద్యం గురించి మనవాళ్ళు చెప్పుకునే మాటల్లో ఇంత శాస్త్రీయమైనది మరొకటి నాకు తారసపడలేదు. జలుబు వైరస్‌లవల్ల వస్తుంది. ఆ వైరస్‌లను తుడిచిపెట్టే బిళ్ళ ఏ మెడికల్ షాపులోనూ దొరకదు. దొరికేదల్లా ముక్కు దిబ్బడ, ఒళ్ళు నొప్పులు, కారే ముక్కు కాస్త ఉపశమించడానికి పనికొచ్చే సరుకే. ఇంతవరకూ మన హేతువాద మిత్రులందరికీ తెలిసినదే. నేను రాయదలుచుకున్నది ఆ తరవాతి ప్రశ్న గురించి. జలుబు బిళ్ళ ఖాళీ శరీరంలోకి వెళ్ళదు. అప్పటికే లోపల ఇంకేదో మందు ఉంటుంది. ఆ రెండూ కలిస్తే ఏమవుతుంది? ఈ సంగతి మనుషులకి ఎప్పుడు, ఎలా తెలిసింది?

ఈ కథలో సగం కలకత్తాలో జరిగింది. అందులో మన తెలుగు వైద్యుల ప్రస్తావన కూడా ఉంది. కనక షాలిమార్ నుంచి మొదలుపెడతాను.

షాలిమార్ అంటే కాశ్మీరులోని తోట గుర్తొస్తుంది గాని, ఇది హుగ్లీ నదికి పడమటి ఒడ్డున, హౌరాలో ఉన్న రైల్వే స్టేషన్. ఒకప్పుడు గూడ్సు యార్డుకే పేరు. 2022లో కోరమాండల్ ఎక్స్‌ప్రెస్‌ని హౌరా నుంచి ఇక్కడికి మార్చాక, విశాఖ, రాజమండ్రి వైపునుంచి కలకత్తా వెళ్ళేవాళ్ళకి ఈ పేరు బాగా అలవాటయింది. ఒకసారి నేను దిగినప్పుడు నాతోపాటు విశాఖలో ఎక్కిన ఒక రిటైర్డు మాస్టారు కూడా దిగారు. రాత్రంతా ఏసీ చలికి ముక్కులు దిబ్బడేశాయి. దగ్గర్లోని మందుల షాపులో జలుబు బిళ్ళ అడిగారు. షాపతను అట్టమీంచి నాలుగు బిళ్ళలు కత్తిరించి ఇచ్చాడు. "బాబూ, కొంచెం చదివి పెడుదూ, కళ్ళజోడు సంచీలో ఉండిపోయింది" అని నా చేతికిచ్చారు మాస్టారు. పారాసెటమాల్ 500 మిల్లీగ్రాములు, ఫినైలెఫ్రిన్ 10, క్లోర్‌ఫెనిరమిన్ 2, కెఫీన్ 30. ఆయనకి పదిహేనేళ్ళుగా బీపీ. రాత్రిళ్ళు నిద్రమాత్ర. రైల్లో పొద్దున్నే ఒక 650 పారాసెటమాల్ వేసుకున్నారు. ఇవేవీ షాపతను అడగలేదు, ఈయన చెప్పలేదు. "జలుబు బిళ్ళేగా" అన్నారిద్దరూ, ఒకరు తెలుగులో, ఒకరు బెంగాలీలో.

సరే, ఆ నాలుగు పేర్ల సంగతి తరవాత చూద్దాం.

షాలిమార్‌కి కొద్ది దూరంలో శిబ్‌పూర్‌లో పెద్ద వృక్షోద్యానం ఉంది. 1787లో రాబర్ట్ కిడ్ అనే సైనికాధికారి ఈస్టిండియా కంపెనీ కోసం మొదలుపెట్టించాడు. 1793లో దానికి సూపరింటెండెంటుగా వచ్చినవాడు విలియం రాక్స్‌బర్గ్. అంతకుముందు ఆయన ఉద్యోగం చేసింది మన సామర్లకోటలో. గోదావరి ప్రాంతపు మొక్కల్ని తెలుగు పేర్లతో సహా రాసుకుని, స్థానిక చిత్రకారులచేత బొమ్మలు గీయించాడు. ఆయన చనిపోయాక అచ్చయిన ఫ్లోరా ఇండికాలో ఒక చిన్న పొద గురించి రాస్తూ, దాని వేరుని తెలుగు వైద్యులు జ్వరానికీ, విషజంతువుల కాటుకీ, ప్రసవం కష్టమైనప్పుడూ వాడతారని చెప్పాడు. ఆ మొక్క పాతాళగంధి. సంస్కృతంలో సర్పగంధ.

మూడు ఉపయోగాలూ మళ్ళీ ఒకసారి చదవండి. అందులో రక్తపోటు లేదు. ఉండే అవకాశం కూడా లేదు, ఎందుకంటే రక్తపోటుని కొలిచే పరికరమే అప్పటికి లేదు. చేతిపట్టీ కట్టి బీపీ చూడడం 1896లో ఇటలీలో రివా రోచీతో మొదలైంది. "మన పూర్వీకులకి బీపీ మందు వేల ఏళ్ళ క్రితమే తెలుసు" అనే మిత్రులు ఈ చిన్న సంగతి మరిచిపోతారు. పూర్వీకులకి మొక్క తెలుసు. దాన్ని పిచ్చికి, నిద్రపట్టకపోవడానికి కూడా వాడేవారు. అది గొప్ప పరిశీలనే, కాదనను. కాని ఆ వేరు రక్తపోటుని తగ్గిస్తుందని తెలియాలంటే ముందు రక్తపోటు అనేదాన్ని అంకెల్లో చూడాలి.

అలా చూసింది కలకత్తాలో. 1931లో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ సర్పగంధ గురించి ఒక వ్యాసం ప్రచురించారు. ఉన్మాదానికీ, అధిక రక్తపోటుకీ రెంటికీ అది పనిచేస్తోందని రాశారు. అదే నగరంలో స్కూల్ ఆఫ్ ట్రాపికల్ మెడిసిన్‌లో ఫార్మకాలజీ ప్రొఫెసరుగా ఉన్న రామ్‌నాథ్ చోప్రా కూడా ఈ వేరుని పరీక్షకి పెట్టాడు. 1949లో బొంబాయి డాక్టరు రుస్తుం జాల్ వకీల్ తన రోగుల ఫలితాలు బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో వేశాక ప్రపంచం తలతిప్పి చూసింది. 1952లో స్విట్జర్లాండులో సీబా కంపెనీ రసాయన శాస్త్రజ్ఞులు ఆ వేరులోంచి అసలు పదార్థాన్ని విడదీశారు. దాని పేరు రెసర్పిన్. మన పెద్దవాళ్ళలో అడెల్‌ఫేన్ అనే బీపీ బిళ్ళ వాడినవారు ఇప్పటికీ ఉంటారు. అందులో ఉన్నది ఇదే.

ఇక రెండో మొక్క. చైనాలో మాహువాంగ్ అంటారు, శాస్త్రనామం ఎఫీడ్రా. మన హిమాలయాల్లో, పూర్వపు బెలూచిస్తాన్‌లో దీని బంధువులు పెరుగుతాయి. వేదాల్లోని సోమలత ఇదేనని వాదించినవాళ్ళూ ఉన్నారు. ఆ చర్చ మనకిప్పుడు అక్కర్లేదు. 1885లో జపాన్ శాస్త్రజ్ఞుడు నాగాయి నాగయోషి దీన్నుంచి ఎఫెడ్రిన్ విడదీశాడు. 1924లో పెకింగులో పనిచేస్తున్న చెన్, ష్మిట్ అనే ఇద్దరు అది శరీరంలో ఏంచేస్తుందో చూపించారు. గుండె వేగం పెరుగుతుంది, రక్తపోటు పెరుగుతుంది, ఊపిరి గొట్టాలు విచ్చుకుంటాయి, ముక్కులోపలి వాచిన పొర కుదించుకుంటుంది. జలుబు మందుల వంశవృక్షానికి మూలపురుషుడు ఎఫెడ్రిన్. సూడోఎఫెడ్రిన్, ఫినైల్‌ప్రోపనోలమిన్, ఫినైలెఫ్రిన్ అన్నీ దీని బంధుగణమే. మన దేశపు ఎఫీడ్రాలో ఎంత ఎఫెడ్రిన్ ఉందో పరీక్షించింది కూడా కలకత్తాలోని ఆ చోప్రాగారే. 1933లో వచ్చిన ఆయన పుస్తకంలో ఈ రెండు మొక్కలూ ఉన్నాయి.

అంటే బీపీ తగ్గించేది, బీపీ పెంచి ముక్కు విప్పేది ఒకే ప్రయోగశాల బల్లమీదికి వచ్చాయి. అయితే ఒకే మనిషి ఒంట్లో కలిస్తే ఏమవుతాయన్నది తేలడానికి ఇంకో పాతికేళ్ళు పట్టింది. 1958లో ఆక్స్‌ఫర్డులో బర్న్, రాండ్ అనే ఇద్దరు రెసర్పిన్ ఇచ్చిన జంతువులమీద ఇలాంటి మందుల్ని పరీక్షించారు. ఇతరుల పరిశోధనలు కూడా కలిశాక లోపలి పని అర్థమైంది. దాన్ని మన పల్లెటూరి భాషలో చెబుతాను.

మన నరాల చివర్లలో నార్‌ఎడ్రినలిన్ అనే పదార్థం గాదెల్లో ధాన్యంలా నిల్వ ఉంటుంది. అది బయటికి వస్తే రక్తనాళాలు బిగుసుకుంటాయి. ఎఫెడ్రిన్ ప్రధానంగా చేసే పని ఆ గాదె తలుపు తీయడం. రెసర్పిన్ గాదెలోకి ధాన్యం చేరకుండా చేసి, నెమ్మదిగా గాదెనే ఖాళీ చేస్తుంది. ఖాళీ గాదె తలుపు తీస్తే ఏమొస్తుంది? అందుకే రెసర్పిన్ వాడేవాళ్ళలో ఈ తరహా మందులు చప్పబడిపోతాయి. ఇందులో ఒక తమాషా ఉంది. రెసర్పిన్ దుష్ఫలితాల్లో బాగా పేరుపడ్డది ముక్కు దిబ్బడ. బీపీ మందువల్ల ముక్కు మూసుకుపోతే, రోగి దాన్ని జలుబనుకుని జలుబు బిళ్ళ కొనుక్కుంటాడు. పనిచెయ్యకపోతే ఇంకొకటి వేస్తాడు. "ఆకుమందు, వేరుమందు ఏ హానీ చెయ్యవు" అనేవాళ్ళకి ఈ ఉదాహరణ ఒక్కటి చాలు. రెండూ మొక్కలే, రెండూ ప్రాచీనమే, రెండూ నిజంగా పనిచేసేవే. పనిచేసేది ఏదైనా ఇంకోదాని పనిలో వేలు పెట్టగలదు.

గాదె ఖాళీ అయితే మందు పనిచెయ్యదు, అంతే. గాదె పొంగిపొర్లుతూ ఉంటే? ఆ పాఠం క్షయరోగం మందు నేర్పింది. 1952లో న్యూయార్కులో సీ వ్యూ అనే టీబీ ఆస్పత్రిలో ఐప్రోనియజిడ్ ఇచ్చిన రోగులు అనుకోనంత హుషారుగా అయిపోయారు. కారణం, నార్‌ఎడ్రినలిన్‌ని విరగ్గొట్టే మోనో అమైన్ ఆక్సిడేజ్ అనే ఎంజైముని అది ఆపేస్తుంది. 1957 నుంచి ఆ తరహా మందుల్ని మానసిక కుంగుబాటుకి వాడసాగారు. కొందరికి ఉన్నట్టుండి తల పగిలిపోయేంత నొప్పి, బీపీ విపరీతంగా పెరగడం, మెదడులో రక్తస్రావం. ఎందుకో అంతుపట్టలేదు. ఇంగ్లండులో రో అనే ఒక ఆస్పత్రి ఫార్మసిస్టు, తన భార్య ఈ మందు వాడుతూ చీజ్ తిన్నప్పుడల్లా తలనొప్పి వస్తోందని ఉత్తరం రాశాడు. చాలామంది నవ్వారు. బారీ బ్లాక్‌వెల్ అనే యువ డాక్టరు మాత్రం కేసులన్నీ పోగుచేసి 1963లో లాన్సెట్‌లో ప్రచురించాడు. పులిసిన చీజ్‌లో టైరమిన్ ఉంటుంది. అదీ గాదె తలుపు తీసేదే. ఎఫెడ్రిన్, ఫినైల్‌ప్రోపనోలమిన్ ఉన్న జలుబు మందులు కూడా ఆ రోగుల్లో ఇదే పని చేస్తాయని అప్పుడే బయటపడింది.

హేతువాదులకి ఇందులో ఒక పాఠం ఉందని నా అభిప్రాయం. ఫార్మసిస్టు చెప్పింది ఒక ఇంటి అనుభవం. "మా ఆవిడకి ఇలా అయింది" అన్నంతమాత్రాన అది రుజువు కాదు, నిజమే. అలాగని నవ్వి కొట్టిపారెయ్యదగ్గదీ కాదు. అది పరీక్షించవలసిన ప్రశ్న. బ్లాక్‌వెల్ చేసింది అదే.

ఇదంతా పాతకాలపు గొడవ అనుకోకండి. మొండి టీబీకి మన దేశంలో వాడుతున్న మందుల్లో లినెజోలిడ్ ఒకటి. 2024లో ప్రభుత్వం అనుమతించిన ఆరు నెలల కొత్త చికిత్సలోనూ ఇది ఉంది. లినెజోలిడ్ కూడా కొంతమేరకు ఆ ఎంజైముని ఆపుతుంది. కనక దానితోపాటు సూడోఎఫెడ్రిన్ లాంటివి వేసుకుంటే బీపీ పెరగవచ్చు. పొడి దగ్గుకి వాడే డెక్స్‌ట్రోమెథార్ఫాన్‌తో సెరటోనిన్ ఎక్కువై వణుకు, జ్వరం, మతిభ్రమ కలిగే ప్రమాదం ఉంది. టీబీ రోగికి దగ్గు, జలుబు రావడం వింతేమీ కాదు. 1952లో ఒక టీబీ మందుతో మొదలైన కథ ఇప్పుడు ఇంకో టీబీ మందు దగ్గరికి వచ్చిందన్నమాట.

ఇప్పుడు మాస్టారి చేతిలోని అట్టకి వద్దాం.

ఫినైలెఫ్రిన్: ముక్కులో చుక్కలుగా వేసుకుంటే పనిచేస్తుంది. మింగితే పేగుల్లోనూ కాలేయంలోనూ చాలావరకు విరిగిపోతుంది. విరగ్గొట్టేవాటిలో ఒకటి పైన చెప్పిన ఎంజైమే. 2023 సెప్టెంబరులో అమెరికా ఎఫ్‌డీఏ సలహా సంఘం, మింగే ఫినైలెఫ్రిన్ ముక్కు దిబ్బడకి పనిచెయ్యదని 16-0తో తేల్చింది. 2024 నవంబరులో ఎఫ్‌డీఏ దాన్ని ఆమోదిత జాబితానుంచి తీసేస్తామని ప్రతిపాదించింది. అంటే మామూలు మనిషికి ఉపయోగం లేదు. ఎంజైముని ఆపే మందు వాడుతున్నవాడికి మాత్రం అది విరక్కుండా రక్తంలోకి చేరి, పనిచెయ్యకూడని చోట పనిచేస్తుంది!

పారాసెటమాల్: మంచి మందే. ఆరోగ్యవంతుడైన పెద్దమనిషికి రోజుకి 4 గ్రాములు దాటకూడదు. పొద్దున 650, జలుబు బిళ్ళలో 500, ఒళ్ళునొప్పుల బిళ్ళలో ఇంకొంత. పేర్లు వేరు గనక మనిషి లెక్క తప్పుతాడు, కాలేయం తప్పదు. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవారు వరసగా కొన్ని రోజులు పారాసెటమాల్ ఎక్కువగా వేస్తే వార్ఫరిన్ ప్రభావం పెరుగుతుంది. దాని బదులు ఆస్పిరిన్, ఐబూప్రొఫెన్ వేస్తే రక్తస్రావం ప్రమాదం ఇంకా ఎక్కువ.

ఐబూప్రొఫెన్ మాటొచ్చింది గనక మనవాడు యల్లాప్రగడ సుబ్బారావుని తలుచుకోవాలి. లెడర్లీ ప్రయోగశాలల్లో ఆయన నాయకత్వంలో జరిగిన కృషిలోంచే మెథోట్రెక్సేట్ వచ్చింది. దాన్ని ఇప్పుడు కీళ్ళవాతానికి వారానికొకసారి ఇస్తారు. అది మూత్రపిండాల ద్వారా బయటికి పోవాలి. ఐబూప్రొఫెన్ తరహా మందులు దాన్ని ఆలస్యం చేయగలవు. గొంతునొప్పికి షాపులో ఊరికే ఇచ్చేసే కోట్రైమాక్సజోల్ దానితో కలిస్తే ఎముక మజ్జే దెబ్బతినవచ్చు.

క్లోర్‌ఫెనిరమిన్: కారే ముక్కుని ఆపుతుంది, మత్తు తెస్తుంది. నిద్రమాత్ర, మద్యం తోడైతే ఆ మత్తు రెట్టింపవుతుంది. ప్రోస్టేట్ వాచిన ముసలివారికి మూత్రం ఆగిపోవచ్చు. పసిపిల్లల విషయంలో క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ మిశ్రమాన్ని నాలుగేళ్ళలోపు వాళ్ళకి వాడరాదని లేబులుమీద రాయాలని 2023 డిసెంబరులో మన ఔషధ నియంత్రణాధికారి ఆదేశించాడు.

ఆయుర్వేద దగ్గు మందులకి మినహాయింపు ఉందా అంటే, లేదు. వాటిలో తరచుగా ఉండే అతిమధురం ఎక్కువ మోతాదులో చాలాకాలం వాడితే ఒంట్లో ఉప్పు నిలిచి బీపీ పెరుగుతుంది, పొటాషియం తగ్గుతుంది. అప్పటికే నీరు తీసే బిళ్ళలో, గుండెకి డిజాక్సినో వాడేవారికి ఆ పొటాషియం తగ్గడం ప్రాణాలమీదికి రావచ్చు.

మరి ఇన్ని మందుల్ని ఒకే బిళ్ళలో ఎందుకు కూరారు? వైద్యశాస్త్రం చెప్పినందుకు కాదు, అమ్ముడుపోతుంది గనక. మన దేశంలో మందుల చట్టం పుట్టుకకి కూడా ఆ కలకత్తా చోప్రాయే కారణం. నకిలీ, కల్తీ మందులమీద 1930లో ఆయన అధ్యక్షతన విచారణ సంఘం వేశారు. దాని సిఫార్సులే 1940 చట్టానికి పునాది. మందు స్వచ్ఛంగా ఉందా లేదా అన్నది ఆ చట్టం మొదట చూసుకున్న సంగతి. స్వచ్ఛమైన నాలుగు మందుల్ని అర్థంలేకుండా కలిపితే ఎలా అన్నది చాలాకాలం తరవాతగాని గట్టిగా పట్టించుకోలేదు. ఫినైల్‌ప్రోపనోలమిన్ వల్ల, ముఖ్యంగా ఆడవాళ్ళలో, మెదడులో రక్తస్రావం ప్రమాదం పెరుగుతోందని యేల్ విశ్వవిద్యాలయం పరిశోధన తేల్చాక 2000లో అమెరికా దాన్ని తప్పించింది. మన నిషేధ నోటిఫికేషన్ 2011 ఫిబ్రవరిలో వచ్చింది. 2016 మార్చిలో 344 మిశ్రమ మందుల్ని ఒక్కసారి నిషేధించారు. విక్స్ యాక్షన్ 500 ఎక్స్‌ట్రా అమ్మకం ఆపుతున్నామని దాని కంపెనీ ప్రకటించింది అప్పుడే. డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది. సుప్రీంకోర్టు మళ్ళీ పరిశీలించమన్నాక 2018 సెప్టెంబరులో 328 మిశ్రమాలపై నిషేధం వచ్చింది. 2023 జూన్‌లో ఇంకో 14, అందులో చాలావరకు దగ్గు, జలుబు మందులే. 2024 ఆగస్టులో ఇంకో 156.

మనం తాయెత్తుల్ని, విబూదిని ప్రశ్నిస్తాం. ప్రశ్నించాలి కూడా. మెరిసే అట్టలో, ఇంగ్లీషు అక్షరాలతో వచ్చినంతమాత్రాన నాలుగు మందుల కలగూరగంపని నమ్మడం కూడా ఆ జాతి నమ్మకమే. తాయెత్తు కనీసం పక్కనున్న బీపీ మందు జోలికి పోదు.

కాబట్టి చెయ్యగలిగింది చెబుతాను. ఇంట్లో పెద్దవాళ్ళు రోజూ వాడే మందులన్నీ, ఆయుర్వేదం, హోమియోతో సహా, ఒక కాగితంమీద రాసి పర్సులో పెట్టండి. మందుల షాపులో ముందు ఆ కాగితం చూపించి, తరవాత జలుబు సంగతి చెప్పండి. కంపెనీ పేరు కాదు, కింద చిన్న అక్షరాల్లో ఉండే మందుల పేర్లు చదవండి. జ్వరముంటే ఒక్క పారాసెటమాల్, ముక్కు దిబ్బడకి ఉప్పునీటి చుక్కలు, చాలామందికి అంతకుమించి అక్కర్లేదు. బీపీకో, టీబీకో, గుండెకో, రక్తం పలచబడడానికో మందు వాడుతున్నవారు డాక్టర్ని అడక్కుండా జలుబు బిళ్ళ ముట్టుకోవద్దు. మాస్టారికి నేను చెప్పింది కూడా ఇంతే. ఆయన నాలుగు బిళ్ళలూ వెనక్కిచ్చేసి, ఒక ఉప్పునీటి చుక్కల సీసా పుచ్చుకుని కొడుకింటికి బయల్దేరారు. ఆ జలుబు వారంలో తగ్గిందో, ఏడు రోజులు పట్టిందో!